ఓటీపీ అన్నయ్య ఫోనుకి వస్తుంది

జూన్ 4, మంగళవారం

ఈ రోజు నుంచి కాగితం మీద రాస్తాను. కంప్యూటర్‌లో రాసుకునే డైరీకి సెలవు. కారణం, పొద్దున అన్నయ్య నోరు జారిన ఒక ముక్క.

ఫోన్‌లో మామూలుగానే మాట్లాడుతున్నాడు. వదిన మోకాళ్ళ నొప్పి, ఫ్రిజ్ రిపేరు. మధ్యలో ఉన్నట్టుండి, తూర్పు కిటికీ ఉన్న గదులు చూడ్డానికి బాగుంటాయి గానీ వానొస్తే జల్లంతా లోపలికే, దేనికీ తొందరపడకూడదు అన్నాడు. ఏ గది అని అడిగాను. ఊరికే అన్నానులే అని పెట్టేశాడు.

తూర్పు కిటికీ ఉన్న గది గడియారాలాయన ఇంట్లో ఉంది. వాచీలు బాగుచేస్తారాయన. పెళ్ళి చేసుకుందామా అని ఆయన ఆదివారం మెయిల్‌లో అడిగారు. ఆ గదిలో నా పని బల్ల వేసుకోవచ్చని కూడా రాశారు. ఆ మెయిల్ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. జవాబు కూడా ఇంకా రాయలేదు.

మరి అన్నయ్యకి ఎలా తెలిసింది?

జూన్ 5

కోపం దిగాక రాద్దామనుకున్నాను. దిగలేదు. అలాగే రాస్తున్నాను.

మా ఆయన పోయిన మరుసటి ఏడాది, బ్యాంకు నుంచి అంటూ ఎవడో ఫోన్ చేశాడు. గొంతులో తేనె. వచ్చిన ఓటీపీ సగం చదివేశాను కూడా. సరిగ్గా అప్పుడే అన్నయ్య లోపలికి వచ్చి నా చేతిలో ఫోను లాక్కున్నాడు. మా ఇంటి తాళంచెవి ఒకటి అతని దగ్గర ఉంది. బెల్ కొట్టడం అతని ఒంట్లో లేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి హాల్లో పేపరు చదువుతూ కనిపిస్తాడు. ఆ రోజు ఆ అలవాటే నన్ను కాపాడింది. కాదనను.

ఆ సాయంత్రమే నా కంప్యూటర్ అంతా తనే సర్దాడు. పాస్‌వర్డ్ తనే పెట్టాడు. ఫోన్ నంబర్ అడిగిన చోటల్లా తన నంబర్ ఇచ్చాడు. నేను కంగారు మనిషినట, ఓటీపీలు నా చేతిలో పెట్టకూడదట. మానిటర్ కింద ఎర్ర ఇంకుతో చీటీ రాసి అతికించాడు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరాదు. ‘ఎవరికీ’ కింద రెండు గీతలు. జీవితమంతా ఆడిట్ ఆఫీసులో అరగదీసిన చెయ్యి మరి. రిటైరయ్యాక తనిఖీ చెయ్యడానికి ఏ ఆఫీసూ లేదు, నేను దొరికాను.

జూన్ 6

అడిగెయ్యనా? వద్దు. ముందు కళ్ళారా చూడాలి.

జూన్ 7, మధ్యాహ్నం

చూశాను.

దారి చూపింది మా టీమ్ లీడర్. నా వయసులో సగం ఉంటుంది. ఎందుకని అడగలేదు, అది ఆ పిల్ల మర్యాద. మెయిల్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అని ఉంటుందట, ఈ అకౌంట్ ఏ ఏ మెషిన్లలో తెరిచి ఉందో అక్కడ కనిపిస్తుందట. రెండు కనిపించాయి. ఒకటి నాది. రెండోది అన్నయ్య ల్యాప్‌టాప్. ఈ పొద్దున కూడా తెరిచాడు. ఇంకో చోట ఫార్వర్డింగ్ అని ఉంది. నాకొచ్చే ప్రతి మెయిల్ కాపీ అన్నయ్యకి వెళ్తోంది.

నా ఉద్యోగం డాక్టర్ల మాటలు టైపు చెయ్యడం. వాళ్ళు రికార్డు చేసి పంపుతారు, నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాలి కింద పెడల్‌తో ఆపుకుంటూ టైపు చేస్తాను. ఎవరి కిడ్నీలో రాయి, ఎవరికి కడుపు నిలవలేదు, ఎవరు తాగుడు మానలేదు, అన్నీ నా చెవుల్లోంచే పోతాయి. ఇన్నేళ్ళలో ఒక్క ముక్క బయటికి పొక్కనివ్వలేదు. ఆఫీసు ఫైళ్ళ లాగిన్ వేరు, అంతవరకు నయం. లోకుల గుట్టంతా దాచిపెట్టి, నా గుట్టు మాత్రం గుమ్మంలో ఆరేసుకున్నాను.

దొంగయితే అరిచి గోల పెట్టేదాన్ని. అన్నయ్యని చూసి ఏమని అరవను?

జూన్ 8, ఉదయం 10

పాస్‌వర్డ్ మారుద్దామని నొక్కాను. ఓటీపీ పంపాం అంది కంప్యూటర్. ఎక్కడికి? ఇంకెక్కడికి!

టీ చల్లారేలోపే అన్నయ్య ఫోన్. ఎవడో నా అకౌంట్ కొట్టెయ్యబోయాడట, తను ఉన్నాడు కాబట్టి సరిపోయిందట, బుజ్జమ్మా కంగారు పడకు అన్నాడు. యాభై నాలుగొచ్చినా బుజ్జమ్మనే.

ఆ ఎవడో నేనే.

అదే రోజు, 11

ఇప్పుడు నా మెయిల్ నాకే తెరుచుకోవడం లేదు. భద్రత కోసమని అన్నయ్య పాస్‌వర్డ్ మార్చేశాడు. కొత్తది ఫోన్‌లో గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు. వెనకాల వదిన కూడా వింటూనే ఉంది, ఎందుకంటే అంకె తప్పు చెబితే సరిదిద్దింది. చీటీ సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు.

పాస్‌వర్డ్ ఏమిటంటే నా ముద్దుపేరు, పక్కన నేను పుట్టిన సంవత్సరం. మా చుట్టాల్లో ఎవరైనా నిద్రలో కూడా కనిపెడతారు.

నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత పెడల్ నొక్కి పనిలో పడ్డాను.

జూన్ 9

టీమ్ లీడర్ ఒక ఉపాయం చెప్పింది. అన్నయ్య వాకింగ్‌కి పోయినప్పుడు ఫోను ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంటుంది కదా, వదిన చేత కోడ్ చదివించుకోమంది. పది నిమిషాల పని.

రోజంతా ఆలోచించాను. వద్దు. నా గది గడియ నేను పెట్టుకోవడానికి దొంగచాటు ఎందుకు? గడియారాలాయనకి ఫోన్ చేసి జవాబు చెప్పెయ్యొచ్చు కూడా. కానీ మా ఆయన వాచీ బాగయిందని ఆయన మెయిల్ పెట్టిన రోజు నుంచి మేం రాసుకుంటూనే వచ్చాం. అన్నయ్యకి జడిసి దారి మార్చుకోను. ఔనంటానో కాదంటానో, ఆ మాట ముందు అడిగిన మనిషే చదవాలి.

అన్నయ్యని రేపు టీకి పిలిచాను. ఫోను తెచ్చుకోమన్నాను.

జూన్ 10

తన తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చాడు. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నా సరే, తాళమే.

కంప్యూటర్ పక్కన కుర్చీ వేశాను. ఇప్పుడొక ఓటీపీ వస్తుంది, చదువు అన్నాను. అన్నయ్యకి వెంటనే అర్థం కాలేదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పాఠం మొదలుపెట్టాడు. అది నా ఓటీపీ, దారి తప్పి నీ జేబులోకి వచ్చింది, అన్నాను. ఫార్వర్డింగ్ పేజీ తెరిచి చూపించాను. తన మెయిల్ అడ్రస్ తనే చదువుకున్నాడు.

తర్వాత నిదానంగా చెప్పాడు. ఆ బ్యాంకు ఫోను రోజు తను ఇంకాస్త ఆలస్యంగా వచ్చుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ భయమేస్తుందట. మొదట్లో మోసపు మెయిళ్ళ కోసమే చూశాడట. తర్వాత అలవాటయిందట. ఎలా ఉన్నావని తను అడిగితే నేను బాగున్నాననే అంటానట, నిజం మెయిళ్ళలోనే తెలిసేదట.

నాకు జాలేసింది. అది కూడా రాసుకోవాలి. ఆ వెంటనే, గడియారాలాయన మంచివాడిలాగే ఉన్నాడు, ఉత్తరాలు పద్ధతిగా రాస్తాడు అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఆయన మంచివాడో కాదో తేల్చడానికి నీకు ఆ ఉత్తరాలు ఎవరిచ్చారని అడిగాను. నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు.

అన్నయ్య ఫోను తీసి, తెర పైకి పెట్టి, బల్ల మీద నా వైపు జరిపాడు. కోడ్ కొట్టాను. అతని నంబర్ తీసేసి నాది పెట్టాను. ఫార్వర్డింగ్ ఆపాను. తన ల్యాప్‌టాప్‌ని లాగౌట్ చేశాను. కొత్త పాస్‌వర్డ్ కొడుతుంటే ఎవరూ చెప్పకుండానే ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ, ఎందుకైనా మంచిది, అవసరానికి, కొత్తది తనొక్కడికీ చెప్పమన్నాడు. నేను మానిటర్ కింద చీటీ చూపించాను. తన అక్షరాలే. ఆ రెండు గీతల దగ్గర కాసేపు ఆగి, వెళ్ళిపోయాడు. టీ తాగలేదు.

జూన్ 11

ఫోన్ రాలేదు.

జూన్ 13

వదిన ఫోన్ చేసింది. మనిషి సరిగ్గా తినడం లేదట. ఆఫ్టరాల్ పాస్‌వర్డే కదా, చెప్పేస్తే ఏం పోతుంది, పరాయివాడా అంది. పరాయివాడు కాదు కాబట్టే ఇంత కష్టంగా ఉందన్నాను. చెప్పను అని కూడా అన్నాను. వదిన గొంతు తగ్గించి, తన ఫోనుకి లాక్ ఎలా పెట్టుకోవాలని అడిగింది.

జూన్ 15

గడియారాలాయనకి జవాబు రాశాను. మూడుసార్లు చెరిపి, నాలుగోసారి పంపాను.

ఏం రాశానో ఇక్కడ కూడా రాయను.

జూన్ 16, సాయంత్రం 5

బెల్ మోగింది. వెళ్ళి తలుపు తీశాను.

అన్నయ్య. తాళంచెవి చేతిలోనే ఉంది.