పెళ్ళిచీర మూలకు పసుపు

ప్రత్తిపాడు

వదినగారికి నమస్కారాలు.

ఫోనులో మాట్లాడితే మీ అమ్మాయి పక్కనే నిలబడి వింటుందని, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మన హారిక పెళ్ళిచీర గుంటూరు పట్నం బజారులో మీరే దగ్గరుండి కొనిపించారట. సంతోషం. మోకాళ్ళనొప్పులని నన్ను వదిలేశారు. ఆ బజారు నేను ఎరగనిదా? ఆ రోజుల్లో పరుపుమీద కూర్చోబెట్టి, గోళీసోడా ఇచ్చి, చీరలు ఒళ్ళో పరిచేవాళ్ళు. ఇప్పుడు అద్దాల మేడలూ, వాటంతటవే కదిలే మెట్లూనట. ఆ మెట్లలో పిల్ల చున్నీ ఇరుక్కుంటుందేమోనని నాకు అన్నం సయించలేదు. మీరేమో దాని భుజంమీద చెయ్యేసి ఫొటో దిగారు.

“ఎందుకే అంత కుళ్ళు? ఆవిడా అమ్మమ్మేగా!” అంటున్నారు మీ అన్నయ్యగారు. కాదన్నానా? కానీ పసిగుడ్డప్పటి నుంచి దానికి ఏ కొత్తబట్ట తొడిగినా, ముందు మూలకు పసుపు పెట్టింది ఈ నాయనమ్మే. చీర మీ ఇంట్లోనే ఉందట కదా. పసుపు పెట్టకుండా, మడత విప్పకుండా పంపండి.

ఒకవేళ ఇప్పటికే పెట్టేసి ఉంటే ఆ మాట నాకు చెప్పొద్దు. చీరకు ఇంకా మూడు మూలలుంటాయి. ఒక్కటైనా నాకు వదిలెయ్యండి.

ఇట్లు,
మీ వియ్యపురాలు