మగ్గమంత దర్వాజ

తమ్మీ పరశురాములూ,

సోమవారం గదా, ఠాణాల సంతకానికి పోతున్న. పొద్దూకినంక గని ఇడువరు. నువ్వు మరమగ్గాల సాంచల కాడికెల్లి రాంగనే చెక్కగోడ సంగతి చూడు. వడ్రంగి రాజేశం పొద్దుగాల నడింట్ల గుంజలు నిలవెట్టి బువ్వకు పోయిండు. పలకలు కొట్ట మళ్ల వస్తడు. ఎన్నడు మగ్గాలే చేసిన చెయ్యి గదా, దర్వాజ సందు మగ్గమంత వెడల్పు పెట్టిండు. ఇదేందంటే, "నా చేతికి గదే కొలత అన్నా" అని నవ్విండు. పలకలు కొట్టకముందే రెండు గుంజలు దగ్గరికి జరుపుమను. గంత సందుంటే పోలీసోళ్లు నాకోసం వచ్చినప్పుడు మరదలు శాంత, పిల్లలు పండుకున్నది కనవడుతది. గందుకే గదా ఈ గోడ.

నన్ను అడగకుంటనే పలకలు తెచ్చినవు. అడిగినా సరే అనేటోన్నే. ఆరేండ్లు అడివిల తిరిగి, లొంగిపోయి వచ్చినోన్ని ఇంట్ల పెట్టుకున్నవు, ఇంకేం గావాలె. కాని ఈ నాలుగు నెలలు పిల్లల గుర్రు వినుకుంటనే నిద్రపోయిన. ఇయ్యాల్టి సంది గోడ అవుతల ఒక్కన్ని ఎట్ల పండుతనో తెల్వది.

బువ్వ తిన్న. గిన్నె కడిగి బోర్లేసిన.

ఐలయ్య

పలకలు నేలకు ఆనియ్యొద్దని చెప్పు. కింద బెత్తెడు సందు ఉంచాలె. చిన్నది లేవంగనే నూలు అయిపోయిన వట్టి కండె నా దిక్కు దొర్లిస్తది. నేను మళ్ల దొర్లిచ్చేదాక గాన్నే కూసుంటది.