భోజనం వచ్చాకే మాత్ర

మామయ్యగారూ,

కొండపల్లి బస్సుకి టైమైపోతోంది, మీరింకా వాకింగ్ నుంచి రాలేదు. మధ్యాహ్నం మీ పాత ఆఫీసువాళ్లతో హోటలుకి వెళ్తున్నారు కదా, షుగరు మాత్ర ఇంట్లో వేసుకుని బయల్దేరకండి. భోజనం మీ ముందుకొచ్చాకే వేసుకోండి. పుల్కాలు, పప్పు, కూర, పెరుగు కడుపునిండా తినండి. పూరీలు, స్వీటు వాళ్లకే వదిలేయండి.

మొన్న ఆదివారం మనం హోటలుకి వెళ్లినప్పుడు ఏమైందో గుర్తుందా? మాత్ర వేసుకునే వచ్చారు. హోటల్లో ఏది తిన్నా షుగరు పెరుగుతుందన్న భయంతో చిన్న కప్పు పెరుగు తిని, "నాకిది చాలమ్మా" అన్నారు. చెయ్యి కడుక్కోవడానికి లేచి, ఒళ్లంతా చెమటలు పట్టి కుర్చీలో కూలబడిపోయారు. పిలిస్తే నన్నెవరో అన్నట్టు చూశారు. పంచదార నీళ్లు తాగించాక గానీ నన్ను గుర్తుపట్టలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "నలుగురిలో అంత గోల చెయ్యాలా?" అని కోప్పడ్డారు. పోనీలెండి.

ఈ జబ్బుకి భయపడి తిండి మానకండి. వణుకొచ్చినా, చెమట పట్టినా మొహమాటపడకుండా పంచదార అడిగి నోట్లో వేసుకోండి. మీ స్నేహితులకి ముందే చెప్పి ఉంచండి. ఇంటికి రాగానే మా స్కూలుకి ఫోన్ చేయండి. అప్పటిదాకా పాఠం చెప్తున్నా నా మనసు ఇక్కడే ఉంటుంది.

మీ కోడలు,
ఛాయ

ఇంకో మాట. ఆ రోజు సర్వరు "మీ నాన్నగారాండీ?" అని అడిగితే అవునన్నాను. నేను "నాన్నా, నాన్నా" అని అరుస్తున్నానట. నాకు తెలియనే లేదు.