ఒలీవకు ఆకు దూసిన వైనం

జూబ్లీ హిల్స్, 2-2-1989

ఆర్ట్ డిపార్ట్‌మెంటు త్రినాథరావు గారికి,

ప్రభువు కృపవల్ల మీరంతా కులాసా అని తలుస్తాను. విదేశం సీను కోసం మా ఆవరణలో మీరు నిలబెట్టిన ఒలీవ చెట్టు గురించి రాస్తున్నాను. రోజూ రెండు బిందెలు పోస్తున్నా చిగురు వేయడం లేదు. బైబిల్లో చదవడమే గాని ఒలీవను పెంచి ఎరుగను. ఏ ఎరువు వేయాలి?

ఇట్లు,
కరుణాకుమారి

తా.క.: మావారు పోయాక ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. సాయంత్రం ఆ చెట్టు కింద ప్రార్థన చేసుకుంటున్నాను. మీకు అభ్యంతరమైతే కొంచెం ఎడంగా కూర్చుంటాను.

ఫిల్మ్ నగర్, 6-2-1989

కరుణాకుమారి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మావాళ్ళంతా నవ్వుకున్నారు. మీరింత సరదా మనిషని తెలియదండీ. ఒలీవా మల్లే ఒకే కుటుంబమని, మాకు ఆకు నమూనా గీసిచ్చిన బోటనీ లెక్చరర్ చెప్పారు. కాబట్టి పూయాలంటే మల్లెకు ఏం చేస్తారో దీనికీ అదే చేయండి.

ఉంటానండీ,
త్రినాథరావు

తా.క.: నీళ్ళు మాత్రం పోయకండి. రంగు పోతుంది.

జూబ్లీ హిల్స్, 10-2-1989

త్రినాథరావు గారికి వందనాలు.

ఒలీవకు మల్లెతో చుట్టరికం ఉందని తెలిసి సంతోషించాను. పరాయి ఊళ్ళో దానికీ ఒక దిక్కుందన్నమాట. మాఘంలో ఆకు దూస్తేనే గదా మల్లె వేసవికి మొగ్గ తొడిగేది. స్టూలు వేసుకుని మూడు రోజులు దూశాను. ఇప్పుడు ఒక్క ఆకు లేదు.

ఇట్లు,
కరుణాకుమారి

తా.క.: ఆకులు పారేయలేదు. దిండు గలీబులో నింపాను.

ఫిల్మ్ నగర్, 17-2-1989

అమ్మా, నమస్కారం.

తప్పు నాదే. తమాషాకు రాశాను. అది ప్లాస్టరు చెట్టు, అవి కాగితం ఆకులు. నిన్న తొమ్మిదిమందిమి మీ ఆవరణలో చెట్టు చుట్టూ చేరి పొద్దుగూకేదాకా అంటించాం, చూశారుగా. ఇరవయ్యేడో తేదీ సోమవారం ఆఖరి షాటు. ఇదివరకు తీసినదానితో కలవాలి గనక ఒక్క ఆకు తగ్గకూడదు. షాటవగానే ఇద్దరొచ్చి చెట్టు తీసుకుపోతారు. మీకిక మా బెడద ఉండదు.

మీ త్రినాథరావు

తా.క.: మావాళ్ళు ఇంకా మీ గారెల సంగతే చెప్పుకుంటున్నారు.

జూబ్లీ హిల్స్, 21-2-1989

త్రినాథరావు గారికి వందనాలు.

అది ప్లాస్టరని మొదటిరోజే తెలుసు. ఆనుకుంటే చీరకు రంగంటింది. ఏం రాస్తే జవాబిస్తారో తోచక ఎరువు సంగతి రాశాను. మావారు పోయిన ఈ నాలుగేళ్ళలో నాతో తమాషాగా మాట్లాడింది మీరే. అబద్ధానికి ప్రభువును క్షమించమన్నాను, మిమ్మల్నీ అడుగుతున్నాను. చెట్టు తీయడానికి ఇద్దరు చాలన్నారు. ఆకులు అంటించాలంటే తొమ్మిదిమంది కావాలి గదా. అందుకని మళ్ళీ మూడు రోజులు దూశాను.

ఇట్లు,
కరుణాకుమారి

తా.క.: ఆదివారం చర్చి నుంచి పదకొండుకల్లా వచ్చేస్తాను. తొమ్మిదిమందికీ పెసరట్లు. జిగురు మాత్రం మీరే తెచ్చుకోండి.