బకెట్ సీట్లో పంచె

జూన్ 3, మంగళవారం

తాడేపల్లిగూడెం పెళ్లికి వెళ్లి పరువు పోగొట్టుకొచ్చాను. కారు నడపడంలో కాదు. కైకలూరు నుంచి అంత దూరం నేనే నడిపాను, ఒక్క గుంటలో పడనివ్వలేదు. తీరా చేరాక దిగలేకపోయాను. నడుం పట్టేసింది. కల్యాణమండపం గేటు ముందు మా అబ్బాయి జయంత్ ఒక రెక్క, వాడి బావమరిది ఒక రెక్క పట్టుకుని బస్తా దింపినట్టు దింపారు. బ్యాండు వాళ్లు వాయించడం ఆపి మరీ చూశారు.

భోజనాల దగ్గర జయంత్ మొదలెట్టాడు. ఇంక చాలు నాన్నా, డెబ్భై నాలుగేళ్లొచ్చాయి, ఆ ఆల్టో అమ్మేద్దాం, ఎక్కడికి వెళ్లాలన్నా నేను మనిషిని పంపిస్తాను అన్నాడు. మనిషిని పంపిస్తాడట. నేనేమన్నా పార్సిలునా?

తప్పు నాది కాదు. సీటుది.

జూన్ 4

సీటులో స్పాంజి ఎప్పుడో పొడైపోయింది. కింద స్ప్రింగు గుచ్చుతోంది. ఎద్దు మెడ పుండైతే కాడి చూడాలి గానీ ఎద్దుని అమ్మేస్తారా?

నాది నాలుగో తరగతి రాత. ఎవరూ చదవక్కర్లేదు. కోపం దిగడానికి రాస్తున్నాను.

జూన్ 6, ఏలూరు

కరీం కుషన్ షాపుకి వెళ్లాను. స్పాంజి మార్చమన్నాను. ఫ్రేమే విరిగిందండీ సత్తిరాజుగారూ, ఎంత స్పాంజి కూరినా ఇంతేనండి అన్నాడు. మూలన గోనె కప్పి రెండు సీట్లున్నాయి. నల్ల తోలు, ఎర్ర కుట్టు. భీమవరం కుర్రాడెవరో రేసు కారులా ఉండాలని తెచ్చి పెట్టించుకుని, పెళ్లవగానే మామగారికి భయపడి తీయించేశాడట. బకెట్ సీట్లండి, మీ వయసుకి వద్దులెండి అన్నాడు కరీం.

ఆ చివరి మాట అనకపోతే ఊరికే చూసి వచ్చేసేవాణ్ణి.

బకెట్లో మేం మా చెరువు చేపల్ని వేస్తాం, మనుషుల్ని కాదు అన్నాను. అంటూనే కూర్చున్నాను. రెండు పక్కల నుంచీ నడుముని పట్టుకుంది. నొప్పి లేదు. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. పడుకున్నారాండీ అన్నాడు. రెండూ బిగించు అన్నాను.

బోల్టు కన్నాలు కలవలేదు. ఇనప పట్టీలు వెల్డింగు చేసి బిగించాడు. కాలితో తన్ని చూశాను. కదల్లేదు. ఇంటికొచ్చేటప్పుడు చెరువుగట్ల రోడ్డు మీద గుంటలు వెతుక్కుని మరీ కారు దింపాను.

జూన్ 7

నా భార్య రత్నమాణిక్యం ఎక్కనంది. ఎవరి ప్రాణం పోయిన కారులోవో ఏమో, నిమ్మకాయలు తొక్కించకుండా నేను కూర్చోనండి అంది. ఎవరి ప్రాణమూ పోలేదు, మామగారికి భయపడ్డాడంతే అన్నాను. అయితే పిరికి సీట్లన్నమాట అంది.

టైర్లయితే నిమ్మకాయలు తొక్కుతాయి. సీట్లు ఎలా తొక్కుతాయి? చివరికి నిమ్మకాయ సీటు మీద పెట్టి నన్ను కూర్చోమంది. కూర్చున్నాను. పంచె అంతా రసం.

జూన్ 9

కైకలూరులో చేపల మేత కొట్టు ముందు ఆపాను. స్టీరింగు పట్టుకుని ఒక్క తోపు తోశాను. లేచి నిలబడ్డాను. ఎవరి చెయ్యీ లేదు.

పంచె కూడా లేదు.

సీటు పక్కన ఎత్తుగా ఉన్న దిమ్మకీ, సీటు జరిపే లివరుకీ మధ్య చిక్కుకుని అక్కడే ఉండిపోయింది. కొట్టు వీరాస్వామి బయటికొచ్చి, ఏంటండీ సత్తిరాజుగారూ, మీరు డ్రాయరుతో దిగారు, కొత్త సీట్లకి బట్టలు పెట్టారా ఏంటండీ అన్నాడు. ఐసు లారీ వాళ్లు పడీపడీ నవ్వారు. నేను తొందరపడలేదు. డ్రాయరుతోనే నిలబడి మేత ఎక్కించుకుని, అప్పుడు తీసుకున్నాను పంచె.

సాయంత్రానికల్లా జయంత్‌కి చేరింది. ఫోన్లో అరిచాడు. ప్యాంటన్నా వేసుకోండి, కారన్నా మానండి, ఆదివారం కొనేవాళ్లని తీసుకొస్తున్నాను అన్నాడు. తాళం నా మొలతాడుకుంది, వచ్చి తీసుకో అన్నాను. తర్వాత ఒక మాట ఇచ్చాను. శనివారం మీ అమ్మని చిన్నతిరుపతి తీసుకెళ్తాను, కొండ మీద దిగేటప్పుడు నా మీద ఎవరైనా చెయ్యి వేస్తే తాళం నేనే పంపిస్తాను, సాక్షి మీ అమ్మ అన్నాను. ఒప్పుకున్నాడు. ఆవిడ అబద్ధం ఆడదని వాడికి తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

జూన్ 10

ప్యాంటు వేసుకోను.

జూన్ 12

పంచెకి గోచీ పెట్టాను. చెరువులో వల లాగడానికి దిగేటప్పుడు కట్టేవాళ్లం కదా, అలా వెనక్కి బిగించి కట్టి ఎక్కి దిగాను. ఎక్కడా పట్టలేదు. మళ్లీ ఎక్కాను, మళ్లీ దిగాను. రత్నమాణిక్యం చూసి, గుడ్డు పెట్టే చోటు దొరకని పెట్టలా ఏంటండీ ఆ తిరగడం అంది.

జూన్ 14, శనివారం

భీమడోలు మీదుగా వెళ్లాం. కొండ మీద జనం. నా గోచీ చూసి ఒక కుర్రాడు ఫోను ఎత్తాడు. బాగా తియ్యి అన్నాను. స్టీరింగు పట్టుకుని తోశాను. తాటిదూలంలా నిలబడ్డాను.

వెనక నుంచి ఏవండీ అని వినపడింది.

రత్నమాణిక్యం దిగలేకపోతోంది. అటుపక్క పట్టుకోవడానికి స్టీరింగు లేదు. లేవబోయినప్పుడల్లా పట్టుచీర జారి మళ్లీ లోపలికే పోతోంది. నేను చెయ్యిచ్చాను. రాలేదు. కొబ్బరికాయలమ్మే ఆవిడ ఇంకో చెయ్యి పట్టుకుంది. ఇద్దరం కలిసి లాగాం. అందరూ చూశారు. దర్శనం లైన్లో రత్నమాణిక్యం గోవిందా అన్నప్పుడు కూడా నన్ను తిట్టినట్టే అంది.

మాట ప్రకారం నేను గెలిచాను. సంతోషం రాలేదు. పెళ్లి గేటు దగ్గర నాకు ఎలా ఉందో ఆవిడ మొహంలో అదే ఉంది. తాళం పంపించేద్దామా అని కూడా అనిపించింది.

తిరిగొచ్చి కారు తలుపు తీశాను. ఆవిడ నన్ను పక్కకి జరగమని డ్రైవరు సీట్లో కూర్చుంది. చీర కుచ్చిళ్లు దోపింది. స్టీరింగు పట్టుకుంది. ఒక్క తోపు. నిలబడింది! మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. కొబ్బరికాయల ఆవిడ వైపు చూసి మరీ లేచింది.

అప్పుడే జయంత్ ఫోను. రత్నమాణిక్యమే తీసింది. మీ నాన్న మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదురా, కొనేవాళ్లని రావద్దను అంది. వాడేదో అన్నాడు. ఆయన సంగతి కాదురా, కారుతో నాకు పనుంది అని పెట్టేసింది.

క్లచ్చి ఏదండీ అని అడిగింది నన్ను.

జూన్ 17, పొద్దున్న

మా చెరువుగట్టు. రత్నమాణిక్యం నడిపింది. బాతులు అడ్డమొస్తే ఆపింది. అంతే, మళ్లీ స్టార్ట్ కాలేదు. మజ్జిగ తెస్తానని దిగి ఇంటికి నడిచి వెళ్లింది. నేను పక్క సీట్లో ఉన్నాను. ఇటు స్టీరింగు లేదు. గట్టు మీద మనుషులు పోతున్నారు.

ఎవర్నీ పిలవను.