కాగులో పాట

సెప్టెంబరు 29

ఈ పుస్తకం కూతురు ఎతేరి ఇచ్చింది. అమ్మా, నీ భయాలన్నీ ఫోనులో నా నెత్తిన పొయ్యకు, ఇందులో రాసుకో అంది నవ్వుతూ. చిన్నప్పుడే బడి మానేసినదాన్ని, ఏం రాస్తాను. రాస్తున్నాను. ద్రాక్షకోత సగం అయింది. మా ఆయన అంబ్రోసికి నడుం పట్టేసింది. చెప్పడు. కూర్చునేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు.

వాన వస్తుందేమో.

అక్టోబరు 3

గైడు జురాబ్ వచ్చాడు. పన్నెండో తేదీన గ్రూపును తెస్తాడట, పద్నాలుగు మంది. భోజనం సరే, వైను రుచి చూపడం సరే. వైను పులియబెట్టే మట్టి కాగు కడగడం కూడా చూపించమన్నాడు. మన కఖేతి సీమంతా తిరిగి స్టీలు ట్యాంకులు చూసి విసుగెత్తిపోయారు తాతా, నువ్వు లోపలికి దిగి పాడితే కళ్ళప్పగించి చూస్తారు అన్నాడు. అంబ్రోసి మీసం దువ్వుకున్నాడు. అప్పుడే తెలిసింది, ఒప్పేసుకున్నాడని.

మా కాగులు మనిషి కంటే లోతు. మా వైను కొట్టు మారానిలో మెడదాకా నేలలో పాతినవి. కోతకు ముందే కడుగుతాం. కోత మొదలయ్యాక ఎవరూ దిగరు. పక్క కాగుల్లో రసం పొంగుతుంటుంది. దాన్నుంచి వచ్చే ఊపిరాడనివ్వని చెడ్డగాలి కంటికి కనబడదు, నేల మీద పాకి వచ్చి ఖాళీ కాగులో కూర్చుంటుంది, నీళ్ళలాగే. జురాబ్ పట్నం పిల్లవాడు, వాడికి తెలియదు. అంబ్రోసికి తెలియదా?

అక్టోబరు 4

అడిగాను. కొవ్వొత్తి దింపి చూస్తాలేవే, ఆరిపోతే దిగనులే అన్నాడు. నలభై ఏడేళ్ళుగా ప్రతి ఏడూ నన్ను చంపుతూనే ఉన్నావు, ఇంకా చావలేదు చూడు అన్నాడు.

అక్టోబరు 9

పాడేది సరదాకి కాదు. పాట వినబడుతుందంటే లోపలివాడు బతికున్నాడని. ఆగితే పైనున్నవాళ్ళు తాడు లాగాలి. మా మామ పోయినప్పటి నుంచి పైన నిలబడేది నేనే.

అక్టోబరు 12, పొద్దున్న

మారాని తలుపులు నిన్నటి నుంచి బార్లా తీసి ఉంచాడు. ఇందాక కొవ్వొత్తి దింపాడు. అడుగుదాకా వెలిగింది. చూశావా అన్నాడు. చూశాను.

గ్రూపు పదికి రావాలి.

అక్టోబరు 12, మధ్యాహ్నం రెండు

ఇందాక వచ్చారు. బస్సు టైరు పంచరట. తిన్నారు. వంకాయల్లో అక్రోటు ముద్ద పెట్టి చేశాను, వేళ్ళు నాక్కున్నారు. జురాబ్ అడిగాడని కాగు పాట పల్లవి నేర్పాను. ఎంత చక్కగా పట్టేశారో. మంచివాళ్ళు.

ఎండెక్కింది. ఎండెక్కితే రసం ఇంకా పొంగుతుంది. మళ్ళీ కొవ్వొత్తి పెట్టమని అంబ్రోసి చెవిలో చెప్పాను. అతిథుల ముందు పరువు తియ్యకే అన్నాడు.

పిలుస్తున్నారు.

అక్టోబరు 15

దిగాడు. చంకల కింద తాడు కట్టాను. చెర్రీ బెరడు చీపురు గరగర వినబడింది. పాట ఎత్తుకున్నాడు. పల్లవి దగ్గర పద్నాలుగు మందీ అందుకున్నారు. చప్పట్లు. ఫోన్లు పైకెత్తారు. మారాని అంతా మోగిపోయింది. నేను వంగాను. ఆయన గొంతు లేదు. లేదా, వాళ్ళ గొంతుల్లో కలిసిపోయిందా?

ఆపండి అందామనుకున్నాను. దేవుడు పంపిన అతిథులు, మన పాటే సంబరంగా పాడుతుంటే నోరు మూయమని ఎలా అంటాను? ఊరికే భయపడుతున్నానేమో. ప్రతి ఏడూ భయపడ్డాను కదా. పల్లవి ఇంకొక్కసారి తిప్పి పాడాక చూద్దాం అనుకున్నాను.

ఒక పల్లవి.

తర్వాత తాడు లాగాను. కదల్లేదు. అరిచాను. జురాబూ ఎర్రజుట్టు మనిషి ఒకడూ కలిసి పైకి లాగారు. పెదాలు నీలంగా ఉన్నాయి. వెనక నిలబడినవాళ్ళకి తెలియలేదు. ఇంకా పాడుతూనే ఉన్నారు.

అక్టోబరు 16

పూడ్చాం.

నవంబరు 20

ఆయన పోయిన నలభయ్యో రోజు. సమాధి మీద వైను పోశాం. జురాబ్ గేటు దగ్గరే నిలబడిపోయాడు. నేనే వెళ్ళి రొట్టె ఇచ్చాను. ఒక్కసారి తిట్టు అవ్వా అన్నాడు. వాళ్ళకి పాట నేర్పింది నేనురా అన్నాను.

ఎతేరి నన్ను పట్నం రమ్మంటోంది. నువ్వు చెబుతూనే ఉన్నావమ్మా, మేమే నవ్వాం అని ఏడ్చింది. ఆ మాట అనకపోతే బాగుండేది. నలభై ఏడేళ్ళు చెప్పాను. అరవాల్సిన ఆ కాస్తసేపూ మర్యాదగా నిలబడ్డాను.

డిసెంబరు 6

కాగుల్లో పొంగు ఆగిపోయింది. ఖాళీదాంట్లోకి కొవ్వొత్తి దింపాను. అడుగుదాకా వెలిగింది. చీపురు అక్కడే ఉంది.

పల్లవి పాడి, లోపలి నుంచి గొంతు అందుకుంటుందేమోనని ఆగాను. తాడు చేతిలోనే ఉంది.