పసుపు గౌను

చెల్లాయీ,

పేపర్లో నా ఫోటో చూసి నవ్వుకొని ఉంటావు. అసలు సంగతి విను.

నా పాత సినిమాలోని తెల్లగౌను ప్రదర్శనకు పెడతామని ఫిల్మ్ క్లబ్ వాళ్లు అడిగితే, మురిసిపోతూ పట్టుకెళ్లాను. పసుపురంగు చూసి కార్యదర్శి ముఖం చిన్నబోయింది.

"సినిమాలో తెల్లగా ఉంది కదమ్మా. ఇది వేరేదేమో?"

"తెల్లబట్ట లైట్లకి మరీ మెరుస్తుందని పసుపుది కుట్టించారు బాబూ. ఆ సినిమాలో నేనూ నలుపూ తెలుపే. బయట అలా ఉన్నానా?"

"పెద్దవారు, మర్చిపోయుంటారు," అని నచ్చజెప్పి, తెల్లది కొత్తగా కుట్టించి అద్దాల పెట్టెలో పెట్టారు. ప్రారంభం రోజున నన్ను దాని పక్కన నిలబెట్టి, "ఆ గౌను ఇదేనాండీ?" అంటూ మైకు అందించారు.

ఇదేనన్నాను. కాదంటే నన్నే నకిలీ అని తేల్చేటట్టున్నారు.

నీ అక్క